పదిమంది కలిసి రాసే నాటకం: రచన ఎవరిది, బాధ్యత ఎవరిది?

నాటకం చదువుకుంటున్న విద్యార్థులు చేతిలో ప్రతి లేకుండా రిహార్సల్ గదిలోకి వెళ్తారు. కొన్ని వారాల తర్వాత, అంతకుముందు ఎక్కడా లేని ఒక నాటకంతో బయటికి వస్తారు. ఈ పద్ధతిని ఇంగ్లండులో డివైజింగ్ అంటారు, ఫ్రాన్సులోనూ లాటిన్ అమెరికాలోనూ సమష్టి సృజన అంటారు. ఒకప్పుడు తిరుగుబాటుగా మొదలైన ఈ పని ఇవాళ పాఠ్యాంశం. ఇంగ్లండులో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ నాటక పరీక్షలో, చాలా పరీక్షా సంస్థల లెక్కలో, 40 శాతం మార్కులు ఇలా కలిసి తయారుచేసిన నాటకానివే. దీని మీద వాదనలు మాత్రం తొలినాళ్ల దగ్గరే ఆగిపోయాయి. ఒక పక్షం దీన్ని రచయిత పెత్తనం నుంచి నటుడికి దొరికిన విముక్తి అంటుంది. మరో పక్షం రచన చేతకానివాళ్లు వెతుక్కున్న అడ్డదారి అంటుంది. నాలుగు ఖండాల్లో జరిగిన ప్రయోగాలను ఒకచోట పెట్టి చూస్తే ఈ రెండు మాటలూ నిలవవు. సమష్టి సృజన రచయితను తీసేయదు. రచన అనే పనిని విడగొట్టి, సేకరణ, ఆశు అభినయం, ఏరివేత, ప్రతిని ఖాయం చేయడం అనే దశలుగా కాలంలో పరుస్తుంది. నిలిచిన నాటకాలన్నిటి వెనకా రెండు షరతులు కనిపిస్తాయి. బృందం తన బయట ఉన్న ఒక విషయాన్ని కష్టపడి వెతికింది, లేదా తన బతుకునే బయటివాడి కళ్లతో పరీక్షించింది. చివరి ప్రతికి జవాబు చెప్పేదెవరో ముందే తేల్చుకుంది. ఈ రెంటిలో ఏది లోపించినా నాటకం పోతుంది, చాలాసార్లు స్నేహాలూ పోతాయి.

విద్యార్థుల విషయంలో ఇంతకంటే మంచి సాక్ష్యం లేదనిపించే నాటకం ‘మ్యాడ్ ఫారెస్ట్’. 1989 డిసెంబర్‌లో రొమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం కూలింది. క్రిస్మస్ రోజున ఆయన్నూ ఆయన భార్యనూ కాల్చి చంపారు. మూడు నెలలు తిరిగేసరికి లండన్‌లోని సెంట్రల్ స్కూల్ ఆఫ్ స్పీచ్ అండ్ డ్రామా విద్యార్థులు పదిమంది, దర్శకుడు మార్క్ వింగ్-డేవీ, రచయిత్రి కారిల్ చర్చిల్ బుకారెస్ట్ చేరుకున్నారు. అక్కడి నాటక విద్యార్థులతో కలిసి పనిచేశారు, వాళ్ల కుటుంబాలను కలిశారు, వీధుల్లోకి వచ్చినవాళ్లతోనూ ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లతోనూ మాట్లాడారు. తిరిగొచ్చాక చర్చిల్ ప్రతి రాసింది. జూన్‌లో విద్యార్థులు దాన్ని తమ కళాశాలలో ఆడారు, సెప్టెంబర్‌లో బుకారెస్ట్ జాతీయ నాటకశాలలో ఆడారు, అక్టోబర్‌లో లండన్ రాయల్ కోర్ట్‌లో ఆడారు. విప్లవం జరిగి ఏడాది తిరగకుండానే, ఆ విప్లవాన్ని చూసిన జనం ముందు పరాయి దేశపు విద్యార్థులు నిలబడి దాని కథ చెప్పారు. తప్పు చెబితే పట్టుకునేవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఏ పరీక్షకుడి మార్కుల పట్టికా ఇంత కఠినంగా ఉండదు.

ఆ నాటకం రూపం చూస్తే పని విభజన ఎంత లోతుగా సాగిందో తెలుస్తుంది. మూడు భాగాల్లో మొదటిదీ చివరిదీ రెండు కుటుంబాల మధ్య, రెండు పెళ్లిళ్ల చుట్టూ నడుస్తాయి. మధ్య భాగంలో ఇంట్లో మాటామంతీ ఉండదు. విద్యార్థి, వైద్యుడు, బుల్డోజర్ డ్రైవర్, సైనికుడు, రహస్య పోలీసు, పూలమ్మే మనిషి ఇలా ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు ఆ డిసెంబర్ రోజుల్లో తాము చూసింది చెబుతారు. పక్కన మరొకరు ఉన్నారన్న సంగతే ఎరగనట్టు చెబుతారు. ఒంటరిగా గదిలో కూర్చున్న రచయిత అయితే ఇంతమందిని కలిపి ఒక నాయకుణ్ణి తయారుచేసేవాడేమో. పదిమంది పది చెవులతో విన్న సాక్ష్యాలను ఒకే గొంతులోకి కుదించడానికి మనసొప్పకపోవడం వల్లనే ఈ రూపం పుట్టిందని నేను అనుకుంటాను. మొదటి భాగంలో ప్రతి దృశ్యానికీ ముందు బృందంలో ఒకరు విదేశీ యాత్రికుడిలా పుస్తకం పట్టుకుని ఒక రొమేనియన్ వాక్యం చదువుతారు. తాము పరాయివాళ్లమన్న నిజాన్ని దాచకుండా నాటకంలోనే భాగం చేసుకున్న తీరు అది. ఇక మాటల కూర్పు, రక్త పిశాచి వీధి కుక్కతో మాట్లాడే దృశ్యంలోని ఊహాశక్తి, ఎక్కడ ఆపాలన్న తీర్పు చర్చిల్‌వి. ముద్రిత నాటకంపై రచయితగా ఆమె పేరే ఉంటుంది. విద్యార్థుల వేట లేకపోతే ఈ నాటకం లేదు, చర్చిల్ కలం లేకపోయినా లేదు.

ఈ పద్ధతి ఆమెకు కొత్త కాదు. 1974లో మాక్స్ స్టాఫర్డ్-క్లార్క్, డేవిడ్ హేర్, డేవిడ్ ఆకిన్ స్థాపించిన జాయింట్ స్టాక్ బృందం నటులు, దర్శకుడు, రచయిత కలిసి కొన్ని వారాలు విషయాన్ని శోధించడం, తర్వాత రచయిత ఒంటరిగా వెళ్లి రాసుకురావడం, ఆ పైన రిహార్సల్స్ చేయడం అనే క్రమాన్ని అలవాటు చేసింది. ‘లైట్ షైనింగ్ ఇన్ బకింగ్‌హామ్‌షైర్’ (1976), ‘క్లౌడ్ నైన్’ (1979) రెండూ అక్కడ చర్చిల్ ఇలా రాసినవే. రచయిత ఒంటరిగా గడిపే ఆ వారాల్ని కొందరు సమష్టి సూత్రానికి ద్రోహమంటారు. నా దృష్టిలో ఆ విరామమే ఈ పద్ధతికి ఊపిరి. గుంపులో ఉన్నప్పుడు ప్రతి ఆలోచనకూ దాన్ని తెచ్చిన మనిషి ముఖం అతుక్కుని ఉంటుంది, దాన్ని కొట్టేస్తే మనిషిని కొట్టినట్టే అవుతుంది. దూరంగా కూర్చున్నవాడికి ఏది నాటకమో ఏది నాటకం కాదో కనిపిస్తుంది.

రచయిత అనే మనిషి లేకుండానే నిలిచిన నాటకాలు లేవా అంటే ఉన్నాయి, వాటిని పక్కకు నెట్టి వాదించడం న్యాయం కాదు. పారిస్ విద్యార్థి నాటక సంఘంలో కలిసిన యువతీయువకులు అరియాన్ మ్నూష్‌కిన్ నాయకత్వంలో 1964లో తియాత్ర్ దు సొలేయ్ స్థాపించారు. అందరికీ సమాన వేతనం. 1970లో వాళ్లు తయారుచేసిన ‘1789’ ఫ్రెంచి విప్లవాన్ని రాజుల వైపు నుంచి కాక సంతలో ఆడే భాగోతుల నోట చెప్పింది. ప్రేక్షకులు మధ్యలో నిలబడితే చుట్టూ వేదికల మీద దృశ్యాలు నడిచేవి. దీనికి ముందు బృందమంతా విప్లవ చరిత్ర చదివింది, చరిత్రకారుల ఉపన్యాసాలు వింది. నలుగురైదుగురు చొప్పున జట్లు కట్టి ఒకే ఘట్టాన్ని రకరకాలుగా అభినయించి చూపించుకున్నారు. వాటిలోంచి ఏరింది మ్నూష్‌కిన్. అంతకు ఏడేళ్ల ముందు, 1963లో, లండన్ తూర్పు పేటలో జోన్ లిటిల్‌వుడ్ బృందం ‘ఓ వాట్ ఎ లవ్లీ వార్’ తయారుచేసింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికుల పాటలతో చార్ల్స్ చిల్టన్ చేసిన రేడియో కార్యక్రమం దానికి విత్తనం. నటులు ఆ యుద్ధం మీద పుస్తకాలు చదివి రావాల్సిందే. ఖాకీ దుస్తులు వద్దని, విదూషకుల తెల్ల దుస్తుల్లో వాళ్లచేత పాడించి, వెనక తెరపై చచ్చినవాళ్ల లెక్కలు పరుగెత్తించింది లిటిల్‌వుడ్. రెండు చోట్లా కలం పట్టిన రచయిత లేడు గాని, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే కన్ను ఉంది. ఆ కన్ను ఎవరిదో బృందంలో అందరికీ తెలుసు. రచన అంటే కాగితం మీద రాత మాత్రమే అనుకుంటే ఈ నాటకాలకు రచయిత లేడు. ఏరివేత కూడా రచనే అని ఒప్పుకుంటే ఉన్నాడు.

ఇక్కడ ఒక బలమైన ప్రశ్న ఎదురవుతుంది. విద్యార్థులు తమ బయటి విషయం కోసం ఎందుకు తిరగాలి, వాళ్ల జీవితాలే నాటకానికి సరిపోవా? ‘ఎ కోరస్ లైన్’ వైపు వేలు చూపి ఈ ప్రశ్న అడుగుతారు. 1974 జనవరిలో మైకేల్ బెనెట్ న్యూయార్క్ నర్తకులను రాత్రంతా కూర్చోబెట్టి, వాళ్ల బాల్యాలు, భయాలు, అవమానాలు టేపుల మీద రికార్డు చేశాడు. 1975లో ఆ మాటల్లోంచి వచ్చిన సంగీత నాటకం బ్రాడ్‌వేలో 6,137 ప్రదర్శనలు ఆడింది. తమ గురించి తాము మాట్లాడుకున్నదే అంత గొప్ప నాటకమైనప్పుడు పరిశోధన ఎందుకని వాదన. కాని ఆ టేపులు అలాగే వేదికెక్కలేదు. నెలల తరబడి వర్క్‌షాప్ నడిచింది, కథ, సంభాషణలు రాసేవాళ్లు వచ్చారు, పాటలు రాసేవాడూ స్వరాలు కట్టేవాడూ వచ్చారు. ఇద్దరు ముగ్గురి అనుభవాలు ఒక పాత్రలో కలిశాయి. ఒక్కో నర్తకి తన కథను బయటినుంచి చూడగలిగేంత దూరం ఆ ప్రక్రియే కల్పించింది. విద్యార్థి బృందాలకు ఆ నెలలు ఉండవు, ఆ వడపోత ఉండదు. అందుకే ‘మన గురించి మనం’ అని మొదలుపెట్టిన విద్యార్థి నాటకాలు హాస్టలు, ప్రేమ, పరీక్ష, ఫోను అనే నాలుగు గోడల మధ్య తిరుగుతాయి. ఆడేవాళ్లకు ప్రతి మాటా గుండె లోంచి వచ్చినట్టే ఉంటుంది, చూసేవాళ్లకు ముందే విన్నట్టు ఉంటుంది. లోపం విద్యార్థుల జీవితాల్లో లేదు. మనిషి తన జీవితం గురించి మొదట చెప్పే మాట సాధారణంగా ఎక్కడో విన్న మాటే అయి ఉంటుంది. దాన్ని దాటి రెండో మాటకు, మూడో మాటకు వెళ్లడానికి అడిగేవాడు కావాలి, ఎదురు సాక్ష్యం కావాలి.

ఆ ఎదురు సాక్ష్యం ఎంత పని చేస్తుందో ‘ది లారమీ ప్రాజెక్ట్’ చూపించింది. 1998 అక్టోబర్‌లో అమెరికాలోని లారమీ అనే చిన్న పట్నంలో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని స్వలింగ ప్రేమికుడన్న ద్వేషంతో హత్య చేశారు. మోయిసెస్ కౌఫ్మన్, ఆయన టెక్టానిక్ థియేటర్ ప్రాజెక్ట్ నటులు ఆ పట్నానికి పలుమార్లు వెళ్లి రెండు వందలకు పైగా ముఖాముఖీలు చేశారు. 2000లో నాటకం డెన్వర్‌లో మొదలైంది. హత్యను ఖండించే నాటకం రాయడానికి న్యూయార్క్ దాటాల్సిన పని లేదు. ఖండనకు లొంగని మాటలు వినడానికి మాత్రం ఆ ప్రయాణం కావలసి వచ్చింది. పట్నవాసుల్లో మంచివాళ్లు అనుకున్నవాళ్ల మాటల్లో అడుగున ఉన్న జంకు, విరోధులు అనుకున్నవాళ్ల మాటల్లో అనుకోకుండా పలికిన జాలి ఆ నాటకంలో పక్కపక్కన నిలబడ్డాయి. మన దేశంలో చూస్తే, ఢిల్లీ జన నాట్య మంచ్ 1978లో చేసిన ‘మెషీన్’ ఇదే పాఠం చెబుతుంది. ఘాజియాబాద్ దగ్గర ఒక కర్మాగారంలో కార్మికులు సైకిళ్లు పెట్టుకునే చోటు, టీ తాగే చోటు అడిగినందుకు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ చిన్న కోరికల నుంచే సఫ్దర్ హాష్మీ, రాకేశ్ సక్సేనా పావుగంటకు తక్కువ నిడివి నాటకం తయారుచేశారు. బృందం శరీరాలే యంత్రమై తిరుగుతాయి, యంత్రం ఆగిపోతుంది. వీధి నాటకానికి పెద్ద బొమ్మ ఇచ్చింది సైకిల్ స్టాండు అనే చిన్న వాస్తవం.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు వస్తే, ఇదంతా మనకు ఎప్పటినుంచో ఉందని సరిపెట్టుకునే ధోరణి ఒకటి కనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఆ ఊరి సంగతులు అప్పటికప్పుడు అందుకుని నవ్విస్తారు, వీధి భాగవతంలో హాస్యగాడు కథ మధ్యలో ఊరి పెద్దల్ని ఆటపట్టిస్తాడు, పగటి వేషగాళ్లు వాకిట నిలబడి మాటకు మాట అల్లుతారు. ఈ ఆశుశక్తి మన ఆస్తి, సందేహం లేదు. అయితే అక్కడ కథ అందరికీ తెలిసినదే, పాత్రలు తరాలుగా స్థిరపడినవే. అల్లిక కొత్తది, చట్రం పాతది. కథే లేని చోట మొదలై కథను కనుక్కోవడం వేరే పని. మనకు దానికి దగ్గరగా వచ్చింది ప్రజానాట్యమండలి. తెలంగాణ రైతాంగ పోరాటం జరుగుతుండగానే 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ‘మా భూమి’ రాశారు. ఉద్యమం నుంచి వచ్చిన విషయాన్ని ఇద్దరు రచయితలు నాటకం చేయడం, దాన్ని దళాలు ఊరూరా ఆడటం సమష్టి కృషే. కాని నటుడు అక్కడ ప్రతిని మోసేవాడే, పుట్టించేవాడు కాదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నుంచి వచ్చిన పోటీ సంప్రదాయం ఈ క్రమాన్ని ఇంకా గట్టిపరిచింది. పరిషత్తు నాటిక అంటే ముందు ప్రతి, తర్వాత దర్శకుడు, ఆ తర్వాత నటులు. ఉత్తమ రచనకు ఒక బహుమతి, ఉత్తమ ప్రదర్శనకు ఒక బహుమతి. ఆ పోటీలే తెలుగు నాటక రచనను దశాబ్దాలుగా బతికించాయి, వాటి రుణం కొట్టేయలేనిది. రచనను పుట్టించే మరో దారికి వాటి చట్రంలో చోటు లేదన్నది కూడా నిజమే.

ఆ దారి మనకు ఎందుకు అవసరమో చెప్పడానికి దర్శకుడు హబీబ్ తన్వీర్ అనుభవం చాలు. 1954లోనే ఆయన ఢిల్లీలో జామియా మిలియా విద్యార్థులను, పక్కనున్న ఓఖ్లా గ్రామస్థులను కలిపి ‘ఆగ్రా బజార్’ ఆడించాడు. తర్వాత ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులతో పనిచేస్తూ, వాళ్లచేత ఖడీబోలీ హిందీ పలికించినంత కాలం వాళ్ల నటన బిగుసుకుపోయిందని, నిలుచునే చోట్లు ముందే గీసి పెడితే సహజత్వం చచ్చిపోయిందని గ్రహించాడు. 1973లో రాయపూర్‌లో జరిగిన వర్క్‌షాప్‌లో వాళ్ల సొంత ఛత్తీస్‌గఢీ మాటతో, వాళ్ల ప్రహసనాలనే జోడిస్తూ ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ తయారుచేశాక ఆ నటులకు గొంతు వచ్చింది. అదే తోవలో ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చి 1982లో ఎడిన్‌బరాలో బహుమతి గెలిచింది. మన రంగస్థల కళల శాఖల్లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం అయినా, తెలుగు విశ్వవిద్యాలయం అయినా, శ్రీకాకుళం పిల్ల, అనంతపురం పిల్లవాడు, ఆదిలాబాద్ పిల్లవాడు ఒకే గదిలో నిలబడతారు. అచ్చయిన నాటకం చేతికిస్తే ముగ్గురూ ఒకే రకం తెలుగులోకి ఒదగాలి. అచ్చులో యాస కనిపించినా చాలాసార్లు అది నవ్వించడానికో దుష్టపాత్రకో వాడినదే. ఆశు అభినయంలో మాత్రం తల్లి నేర్పిన మాట దానంతటదే నాలుక మీదికి వస్తుంది. ఆ మాటలోనే కోపపడే, పంతం పట్టే, లెక్కలేసే, ప్రేమించే మనుషులు పుడతారు. ఒక రచయిత ఎంత చెవి ఉన్నవాడైనా ఇన్ని ప్రాంతాల పలుకుబడిని ఒంటరిగా సాధించలేడు. తెలుగు నాటకానికి సమష్టి సృజన చేయగల అతి పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

అలాగని గదిలో అందరి మాటా సమానంగా వినపడుతుందని నమ్మడం అమాయకత్వం. ‘అందరం కలిసి’ అని మొదలైన చోట గట్టిగా మాట్లాడేవాడే రాస్తాడు. ఇంగ్లీషు వచ్చినవాడి ఆలోచన తెలివైనదిగా చెల్లుతుంది, నోట్సు రాసే పని అమ్మాయిల మీద పడుతుంది, కులం పేరెత్తే దృశ్యం ‘తర్వాత చూద్దాం’ అని వాయిదా పడుతుంది. ప్రతి ఉన్న రిహార్సల్‌లో పెత్తనం దర్శకుడిదని కనీసం తెలుసు. ఇక్కడ అది కనిపించదు, కనుక ప్రశ్నించడం ఇంకా కష్టం. సమష్టి సృజనపై నేను విన్న అభ్యంతరాలన్నిటిలో బరువైనది ఇదే. దీనికి మంచి ఉద్దేశాలు మందు కావు, నియమాలు కావాలి. చైనా గ్రామంలో భూసంస్కరణ గురించి విలియం హింటన్ రాసిన పుస్తకాన్ని 1975లో ‘ఫాన్‌షెన్’ నాటకంగా చేసేటప్పుడు, ఆ గ్రామస్థుల సభల్లాగే తామూ సభలు పెట్టుకుని ఒకరి పనిని మరొకరు బహిరంగంగా విమర్శించుకున్నారు జాయింట్ స్టాక్ నటులు. పారిస్‌లో జాక్ లెకాక్ 1956లో స్థాపించిన పాఠశాల మరో దారి చూపింది. అక్కడ ఉపాధ్యాయుడు లేకుండా విద్యార్థులు జట్లుగా ఒక అంశం మీద పనిచేసి, వారం చివర అందరి ముందూ ప్రదర్శించాలి. జట్లు మారుతుంటాయి, ఎవరి పెత్తనమూ పాతుకుపోదు. పని చిన్నది, గడువు దగ్గరిది, విమర్శ నిర్మొహమాటం. కాంప్లిసిటే లాంటి బృందాలను నిలబెట్టిన నటులు ఆ బడి నుంచి వచ్చారంటే ఆ వారం వారం తంటా వృథా కాలేదన్నమాట.

పాత నాటకాలు చదవకుండా సొంత నాటకం ఏమిటి, ముందు ‘కన్యాశుల్కం’ ఆడమనండి అనే పెద్దల మాటలో నిజం ఉంది. మంచి సంభాషణ ఎలా కదులుతుందో నోటికి తెలియనివాడు దాన్ని అల్లలేడు. మొదటి ఏడాది విద్యార్థికి ఈ పని అప్పగించడం తొందరపాటే. వాళ్లు ఇంకో సాక్ష్యం కూడా చూపిస్తారు. 1975లో ‘లాజ్ దోర్’ తర్వాత మ్నూష్‌కిన్ బృందమే సమష్టి సృజన వదిలి 1981లో షేక్‌స్పియర్‌కు వెళ్లిందని, ఆ తర్వాత ఎలెన్ సిక్సూ చేత నాటకాలు రాయించుకుందని గుర్తుచేస్తారు. మన దేశ విభజన మీద 1987లో వచ్చిన ‘ల్యాందియాద్’ అలా సిక్సూ రాసినదే. ఇదంతా నిజమే గాని కథ అక్కడ ఆగలేదు. ఆ బృందమే 2003లో దేశాలు దాటి వచ్చిన శరణార్థుల సాక్ష్యాల నుంచి ‘ల్ దెర్నియె కారవాన్‌సెరాయ్’ కలిసి తయారుచేసింది. ప్రాచీనుల దగ్గరికి వెళ్లి నేర్చుకుని మళ్లీ సొంత పనికి వచ్చారు. రెండూ ఒకదాని పొట్ట ఒకటి కొట్టేవి కావు. రచయితల బతుకు పోతుందన్న భయానికీ ఇదే జవాబు. చర్చిల్‌ను జాయింట్ స్టాక్ చిన్నబుచ్చలేదు, ఎదిగించింది. రచన విద్యార్థిని రిహార్సల్ గదిలోకి మొదటి రోజు నుంచి రానిచ్చే పద్ధతి ఏదైనా ఉంటే ఇదొక్కటే.

ఇక పేరు, డబ్బు, హక్కు. స్నేహితుల మధ్య ఈ మాట ఎత్తడం మర్యాద కాదనుకుంటాం, అక్కడే గొడవ మొదలవుతుంది. ‘ఎ కోరస్ లైన్’ నర్తకులు తమ జీవిత కథలను ఒక్క డాలరుకు రాసిచ్చారు. తర్వాత రాయల్టీలో కొంత వాటా ఇచ్చినా, 1976 పులిట్జర్ బహుమతి జాబితాలో, కథ రాసినవాళ్లలో ఒకడైన ఒక్క నర్తకుడి పేరు తప్ప మిగతావాళ్ల పేర్లు లేవు. ‘రెంట్’ అనే సంగీత నాటకం విషయంలో నాటక సలహాదారుగా పనిచేసిన లిన్ థామ్సన్ తాను సహ రచయితనని కోర్టుకెక్కింది. 1998లో అమెరికా అప్పీలు కోర్టు, ఆమె చేర్చిన భాగం ఉన్నా, సహ రచన చేయాలన్న ఉద్దేశం దాని రచయిత జోనథన్ లార్సన్‌కు ఏనాడూ లేదు కనుక ఆమె సహ రచయిత కాదని తీర్పిచ్చింది. అప్పటికి రెండేళ్ల కిందటే లార్సన్ చనిపోయాడు, అడగడానికి మనిషే లేడు. దీనికి ఎదురుగా దక్షిణాఫ్రికా ఉదాహరణ ఉంది. 1972లో అథోల్ ఫుగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్ట్‌షోనా కలిసి నల్లవాళ్ల పాస్‌బుక్కు చట్టం మీద ‘సిజ్వే బాన్సీ ఈజ్ డెడ్’ తయారుచేశారు. పేరున్న రచయిత ఫుగార్డ్ ఒక్కడే అయినా, ఆ నాటకం ముగ్గురి పేరుతోనే అచ్చయింది, ముగ్గురి పేరుతోనే ఇవాళ్టికీ ఆడుతోంది. మన 1957 కాపీరైట్ చట్టం ఒకరి భాగాన్ని మరొకరి భాగం నుంచి విడదీయలేని రచనను ఉమ్మడి రచనగా గుర్తిస్తుంది, ఆఖరున మరణించిన సహ రచయిత తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు నడుస్తుందంటుంది. అంటే పదిహేనుమంది విద్యార్థులు కలిసి రాసిన నాటికను ఎవరైనా ఆడాలనుకుంటే పదిహేనుమంది ఒప్పుకోలూ అడగాల్సి రావచ్చు. అందరూ ఉద్యోగాలకు చెదిరిపోయాక ఆ ప్రతి బీరువాలోనే ఉండిపోతుంది. ముందే ఒకరికి అనుమతులిచ్చే అధికారం రాసిస్తే ఆ చిక్కు ఉండదు.

ఆ ప్రతి మళ్లీ ఎవరికీ ఉపయోగపడదు, ఆ నటుల శరీరాలతోనే పుట్టి వాళ్లతోనే పోతుంది అనే అభ్యంతరాన్ని లారమీ నాటకమే కొట్టేస్తుంది. అమెరికాలో హైస్కూళ్లు, కాలేజీలు దాన్ని ఏళ్ల తరబడి ఆడుతున్నాయి. పోయేది ప్రతి రాసి పెట్టనివాళ్ల నాటకం. నిజానికి ప్రతి ఖాయం చేయడానికి జంకడం వెనక ఒక పాత కారణం కూడా ఉంది. ఇంగ్లండులో ప్రదర్శనకు ముందే ప్రతి చూపించమని రాజ్యం అడిగిన రోజుల్లో, అనుమతి పొందిన మాటలను దాటి నటులు సొంత మాటలు కలిపినందుకు 1958లో లిటిల్‌వుడ్ బృందంపై కేసు పెట్టి జరిమానా వేశారు. ఆ సెన్సారు 1968లో రద్దయింది. రాసి పెట్టడం లొంగిపోవడమన్న భావన మాత్రం కొందరిలో మిగిలింది. విద్యార్థులకు ఆ కారణం లేదు.

మార్కుల సంగతి చివరికి మిగులుతుంది. ఉమ్మడి పనికి విడి మార్కు ఎలా వేస్తారన్నది ప్రతి విశ్వవిద్యాలయమూ అడిగే ప్రశ్న. ఇంగ్లండు పరీక్షా సంస్థల్లో ఒకటైన ఏక్యూఏ దీనికి ఇచ్చుకున్న జవాబు, పని సాగిన తీరును ప్రతి విద్యార్థీ విడిగా రాసే నివేదికకు 60 మార్కులు, వేదిక మీది ప్రదర్శనకు 20 మార్కులు. ఎవరు ఏం చేశారో తెలియడానికి నివేదిక తప్పనిసరి, కాని ఆ నిష్పత్తి నాకు మింగుడుపడదు. నాటకం గురించి బాగా రాయగల విద్యార్థి, నాటకాన్ని బాగా చేయగల విద్యార్థిని అక్కడ సులువుగా దాటేస్తాడు. మన దగ్గర అది ఇంగ్లీషులో రాయమంటే జరిగే అన్యాయం చెప్పనే అక్కర్లేదు. సగం ప్రదర్శనకు, పావు తెలుగులో రాసిన నివేదికకు, పావు ఏ దృశ్యం ఎందుకు తీసేశారో ముఖాముఖిలో చెప్పడానికి కేటాయిస్తే పని చేసినవాడికి న్యాయం జరుగుతుంది. ఉంచినదానికంటే తీసేసినదాని గురించి అడగమని ప్రత్యేకంగా అంటున్నాను. తాను ఇష్టపడ్డ దృశ్యాన్ని నాటకం కోసం వదులుకున్న విద్యార్థి ఏరివేత నేర్చుకున్నట్టు.

మన రంగస్థల కళల శాఖలకు నా విన్నపం ఇది. చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తాన్ని ఒకే ఒక్క సమష్టి నాటకానికి ఇవ్వండి. మొదటి నెల గది తలుపులు మూసి విద్యార్థులను బయటికి పంపండి. మిర్చి యార్డుకు, ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్ల నుంచి లేచి వచ్చిన కాలనీలకు, జిల్లా కోర్టు వరండాలకు వెళ్లి విని రమ్మనండి. రచనలో ఆసక్తి ఉన్న విద్యార్థిని మొదటి రోజే ప్రతి బాధ్యుడిగానో బాధ్యురాలిగానో నియమించి, వాళ్లకు ఒంటరిగా రాసుకునే రెండు వారాలు ఇవ్వండి. పేర్లు ఎవరివి వేయాలో, అనుమతులు ఎవరు ఇవ్వాలో ఒక కాగితం మీద రాసి అందరి సంతకాలూ తీసుకోండి. ప్రదర్శన ముగిశాక అందరి పేర్లతో ప్రతిని అచ్చు వేయండి. ఆ నాటకం ఎవరి గురించి తయారైందో వాళ్ల ముందు ఒక్కసారైనా ఆడండి. పరిషత్తుల నిర్వాహకులు కూడా ఉత్తమ రచన బహుమతికి బృందం పేరుతో వచ్చిన ప్రతులను అంగీకరించాలి.